ఆరువారాల అక్కయ్య

ఈ మాసం మాకు వచ్చిన ఉత్తరాలలో ఒకదానికి నాలుగు ముక్కలు జవాబు వ్రాసి ఊరుకోవడానికి మనసొప్పలేదు. హోసూరునుంచి ఒక సోదరి వ్రాశారు. పేరు ప్రకటించవద్దన్నారు కనుక ప్రకటించడం లేదు. ఆమె కుమార్తె బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నది. ఇరవై నాలుగేండ్ల పిల్ల. ఆరువారాలు సెలవు పెట్టి, ఒక ఏజెన్సీకి సొమ్ము కట్టి, ఖాట్మండు దగ్గర ఒక అనాథ శరణాలయంలో సేవ చేసి వచ్చిందట. పాస్‌పోర్టు అక్కరలేని పరదేశం గదా అని ఇంట్లోవారు కూడా అంతగా అడ్డుచెప్పలేదు.

అక్కడ ఆరేండ్ల పిల్లవాడొకడు రెండవ రోజునుంచే అమ్మాయిని అంటిపెట్టుకొన్నాడు. ‘దీదీ, దీదీ’ అంటూ వెంట తిరిగేవాడు. ఆమె కలిపి పెడితేనే అన్నం తినేవాడు. చున్నీ కొస వేలికి చుట్టుకొని నిద్రపోయేవాడు. అమ్మాయి బయలుదేరే నాడు మాత్రం వాకిట్లోకి రాలేదు. వెతకగా వెతకగా మేడమీద నీళ్ళతొట్టి వెనుక కనిపించాడు. పిలిస్తే మొగం తిప్పుకొన్నాడు.

“అమ్మాయి ఇంటికి వచ్చి నెల దాటింది. కంచం ముందు కూర్చొని కళ్ళనీళ్ళు పెట్టుకొంటుంది. దసరాకు మళ్ళీ పోతానంటుంది. స్నేహితుల దగ్గర చందాలు పోగుచేస్తున్నది. వాణ్ణి తెచ్చి మనమే పెంచుకొందామా అని కూడా ఒకరోజు అడిగింది. వాళ్ళ నాన్నగారు, పరాయి దేశపు బిడ్డ గొడవ మనకెందుకని కసురుకొన్నారు. మీరేమంటారు?” అని ఆ తల్లి ప్రశ్న.

కసురుకోవడం మాకు నచ్చలేదని ముందే చెప్పేస్తాము. బిడ్డ ఏ దేశం వాడైనా బిడ్డే. ఒక పసివాడి కోసం అన్నం సహించని పిల్లను కన్నందుకు ఆ దంపతులు సంతోషించవలసిందే. అయితే అమ్మాయి దుఃఖం ఎట్లా తీరుతుందన్నది ఒక ప్రశ్న, ఆ పిల్లవాడికి ఏది మంచిదన్నది వేరొక ప్రశ్న. రెంటికీ ఒకే జవాబు దొరుకుతుందని మేము అనుకోము. రెండవదాన్నే ముందు చూద్దాము.

రెండవ రోజుకే అంత చేరిక ఎట్లా వచ్చింది? మన ఇండ్లలో పిల్లలను గమనించండి. కొత్తవారు గడపలోకి వస్తే పసివాడు తల్లి కొంగు వెనక్కి చేరతాడు. అక్కడనుంచి ఒక కంటితో తొంగిచూస్తాడు. బిస్కత్తు చూపితే ఒకడుగు ముందుకు, మళ్ళీ వెనక్కి. వచ్చిన చుట్టం ఊరికి బయలుదేరే వేళకు గాని చేరిక కాడు. మనమేమో ‘మామయ్యను చూచి భయమేమిటిరా’ అని నవ్వుతాము. నిజానికి ఆ జంకే వాడి సిరి. దాక్కోవడానికి వాడికొక కొంగు ఉన్నది. ఎవరు చేతులు చాస్తే వారి ఒళ్ళోకి ఎక్కే బిడ్డను చూచి ‘ఎంత కలుపుగోలు!’ అని మురిసిపోతాము గాని, ఆ కలుపుగోలుతనం వెనుక ఎందరు వచ్చి ఎందరు వెళ్ళిపోయారో లెక్క అడగము.

ఆ లెక్క వేసినవారున్నారు. 1970 ప్రాంతాలలో బార్బరా టిజార్డ్ అనే విదుషీమణి లండను శిశుసదనాల పిల్లలను పరిశీలించారు. తిండికీ బట్టకూ ఆటవస్తువులకూ లోటు లేని సదనాలవి. అయినా ఒక బిడ్డకు నాలుగేండ్లు నిండేసరికి సుమారు యాభైమంది చేతులు మారినట్లు తేలింది. ఎవరికీ మరీ దగ్గర కావద్దని ఆయాలకు పై అధికారుల సలహా కూడా ఉండేది. విడిపోయేటప్పుడు బిడ్డ బాధపడకూడదని. బాధ తప్పించబోయి బంధాన్నే తప్పించారన్నమాట.

అంతకు ముందే, యుద్ధకాలంలో, అదే లండనులో అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హాం అనే ఇద్దరు హాంప్‌స్టెడ్‌లో పిల్లల సదనాలు నడిపారు. మొదట అందరు ఆయాలూ అందరు పిల్లలనూ చూచేవారు. తరువాత నలుగురైదుగురు బిడ్డలకు ఒక ఆయా చొప్పున చిన్న చిన్న కుటుంబాలుగా విడదీశారు. అంతవరకు నెమ్మదిగా ఉన్న పిల్లలు ఒక్కసారిగా మారిపోయారు. మా అమ్మ అంటే మా అమ్మ అని కొట్టుకొన్నారు, ఆమె గది దాటితే ఏడ్చారు, అలిగారు. చూచేవారికి అది అల్లరి. కాని మాటలు రావడంలో, శుభ్రతలు నేర్వడంలో ఆ పిల్లలే ముందుకు సాగారు.

ఆ సదనంలోనే రెండున్నరేండ్లు దాటిన బాలుడొకడు ఉండేవాడు. అయిదునెలల పసికందుగా వచ్చాడు. వాడిని ప్రాణంగా చూచుకొన్న ఆయా పెండ్లి చేసుకొని వెళ్ళిపోయింది. వాడు దిక్కు తోచక కుమిలిపోయాడు. రెండు వారాల తరువాత ఆమె చూడవస్తే వాడు ఆమె వంక చూడనైనా చూడలేదు. ఆమె మాట్లాడిస్తే తల పక్కకు తిప్పుకొన్నాడు. ఆమె గది దాటి వెళ్ళిన తరువాత మాత్రం, మూసుకొన్న ఆ తలుపు వంకే చూస్తూ ఉండిపోయాడు.

హోసూరు సోదరి అమ్మాయి ఈ మాట చదివితే నీళ్ళతొట్టి గుర్తుకు వస్తుంది. గుర్తుకు రావాలనే వ్రాశాము. వాడు మొగం తిప్పుకొన్నది కోపంతో కాదు, మరచిపోయీ కాదు.

అక్కడి ఉద్యోగులలో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన మొదట బాయిలరు చూచుకొనే పనికి చేరాడు. పిల్లలను చూస్తూ చూస్తూ పరిశీలకుడైనాడు. 1952లో రెండేండ్ల పాప ఆసుపత్రిలో ఎనిమిది రోజులు తల్లికి దూరంగా గడపడం చలనచిత్రంగా తీసి వైద్యులకు చూపాడు. తల్లికి దూరమైన బిడ్డ మొదట ఏడ్చి పేచీపెడతాడు, తరువాత నీరసించి ఊరుకొంటాడు, చివరకు ఏమీ పట్టనివాడైపోతాడు అని ఆయన చెప్పాడు. ఈ మూడవదశ చూచి ‘అబ్బ, సర్దుకొన్నాడు’ అనుకోవడం పెద్దలకు అలవాటు. ఇది ఒక్క ఎడబాటు సంగతి. శరణాలయంలో ప్రతి ఆరువారాలకూ ఒక అక్కయ్య, ఒక అన్నయ్య వచ్చి వెళుతూ ఉంటే ఏడాదికి ఎన్ని ఎడబాట్లో లెక్క వేసుకోండి. ఆరేండ్లవాడికి మీ అమ్మాయి ఎన్నవ దీదీయో మనకు తెలియదు. ఆమెకు వాడొక్కడే.

ఇక రెండవ సంగతి. అమ్మాయి ఉత్తరంలోగాని తల్లి ఉత్తరంలోగాని ఎక్కడా కనిపించని మనిషి ఒకరున్నారు. ఆ పిల్లవాడి తల్లి.

అనాథ శరణాలయంలో తల్లి మాట ఎందుకు వస్తుందని అనవచ్చు. అమెరికావాడైన కానర్ గ్రెనన్ కూడా అట్లాగే అనుకొన్నాడు. 2004లో ఆయన ప్రపంచ యాత్రకు బయలుదేరుతూ, ముందు కొన్నాళ్ళు నేపాలులో పిల్లల సదనంలో సేవ చేశాడు. నలుగురిలో చెప్పుకొంటే బాగుంటుందన్న ఊహ కూడా అందులో ఉండేదని తరువాత తానే వ్రాసుకొన్నాడు. ఆ సదనం ఉన్న ఊరు పేరు గోదావరి. యానాం పాఠకులు ఉలికిపడనక్కరలేదు. ఇది ఖాట్మండు లోయకు దక్షిణపు అంచున ఉన్న పల్లె. అక్కడ పద్ధెనిమిదిమంది పిల్లలు. మీ అమ్మాయికి వలెనే ఆయనకూ వారితో ముడిపడింది. మళ్ళీ వస్తానని మాట ఇచ్చి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు కూడా. అప్పుడొకనాడు ఒక స్త్రీ ఆ ఊరికి వచ్చింది. పిల్లలలో ఇద్దరు ఆమె కన్నబిడ్డలు.

తీగ లాగితే డొంక కదిలింది. ఆ పిల్లలు వాయవ్య నేపాలులో టిబెట్టు సరిహద్దున ఉన్న హుమ్లా జిల్లావారు. 1996 నుంచి 2006 వరకు ఆ దేశంలో అంతర్యుద్ధం జరిగింది. తిరుగుబాటుదారులు పిల్లలను దళంలో చేర్చుకొంటారన్న భయం కొండపల్లెలలో ఉండేది. ఆ అదను చూచి దళారులు వచ్చారు. నగరంలో క్షేమంగా ఉంచి చదువు చెప్పిస్తామన్నారు. తల్లిదండ్రులు ఉన్నది అమ్మి దళారి చేతిలో పెట్టి బిడ్డలను పంపారు. వదిలించుకోవడానికి పంపలేదు, బ్రతికించుకోవడానికి పంపారు. దళారి నగరంలో వారిని అనాథలన్నాడు.

గ్రెనన్ అప్పుడు ఒక పని చేశాడు, అది మాకు ఎంతో గొప్పగా తోచింది. పిల్లల ఫోటోలు పట్టుకొని, మోటారు బాట లేని ఆ హుమ్లా కొండలలో కాలినడకన పల్లె పల్లె తిరిగి, ఇది మీ బిడ్డేనా అని అడుగుతూ పోయాడు. తల్లులు దొరికారు, తండ్రులు దొరికారు. పిల్లలను ఇండ్లతో కలపడానికే ఒక సంస్థ స్థాపించాడు. పిల్లలపై ఆయనకు కలిగిన ప్రేమ మీ అమ్మాయి ప్రేమకంటే ఎక్కువదని మేము అనము. తన ఒడిని చూపక కన్నతల్లి ఒడిని వెతికిపెట్టాడు, అంతే తేడా.

ఇది ఒక్క గోదావరి పల్లె సంగతి కాదు. ప్రపంచంలో ఇటువంటి సంస్థలలో ఉన్న పిల్లలలో అయిదుగురిలో నలుగురికి తల్లిగాని తండ్రిగాని బ్రతికే ఉన్నారని ‘సేవ్ ది చిల్డ్రన్’ సంస్థ 2009లో ప్రకటించింది. నేపాలులో చూస్తే పిల్లల సదనాలు అత్యధికం ఖాట్మండు లోయలో, పోఖరాలో, చిత్వాన్‌లో ఉన్నాయి. యాత్రికులు వచ్చే చోట్లన్నీ అవే. బీదరికం ఎక్కువ ఉన్న కొండజిల్లాలలో కదా శరణాలయాలు ఉండవలసినది! పిల్లలున్న చోట సదనం పెట్టలేదు, దాతలున్న చోట పెట్టి పిల్లలను అక్కడికి తెచ్చారు. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చినప్పుడు ఇది ముదురుతుందని భయపడి నేపాలు ప్రభుత్వం కొత్త సదనాలు తెరవడాన్ని నిలిపివేసింది. అప్పటికీ, ఆ జూన్ మాసంలోగా కనీసం 245 మంది పిల్లలను అక్రమ రవాణానుంచీ, అనవసరంగా సదనాలలో చేర్చడంనుంచీ కాపాడవలసి వచ్చిందని యూనిసెఫ్ తెలిపింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తన తీర్మానంలో, విహారయాత్రలతో ముడిపడిన ఈ శరణాలయ సేవవల్ల కలిగే హానిని ప్రత్యేకంగా పేర్కొన్నది.

అన్ని సదనాలూ ఇటువంటివేనని ఎవరూ అనకూడదు. నిజంగా దిక్కులేని బిడ్డలున్నారు, వారికై ప్రాణం పెట్టే పెద్దలూ ఉన్నారు. కాని ఒక సంగతి ఆలోచించండి. అమ్మాయి పిల్లలతో పని చేయడానికి ఏ చదువు చదివింది? ఏజెన్సీవారు ఏమి విచారించి ఆమెను పంపారు? సొమ్ము కట్టిన రశీదు తప్ప మరేమీ చూచినట్లు ఉత్తరంలో లేదు. ఎక్కడినుంచో ఒక విదేశీయుడు హోసూరు వచ్చి, రశీదు చూపి, మన హాస్టలు పిల్లలను రాత్రి జోకొట్టి పడుకోబెడతానంటే మనం గేటు తీస్తామా?

ఇంటి పేరు సంగతి కూడా చెప్పుకోవలె. మన కుటుంబాలు తెలుగుదేశం విడిచి ఎన్ని తరాలైనదో కొందరికి లెక్కే తెలియదు. చుట్టుప్రక్కలవారికి పేరు ముందు ఒక్క అక్షరమే ఉన్నా, మనం ఇంటి పేరు పెండ్లి పత్రికలో పూర్తిగా అచ్చువేయించుకొంటాము. బడిలో వేరే భాష, బజారులో వేరే భాష, అయినా అమ్మమ్మతో మాట్లాడే నాలుగు ముక్కలూ పోనివ్వము. హుమ్లా పైభాగంలో టిబెట్టు భాషకు దగ్గరి మాటలు మాట్లాడే ఇండ్లున్నాయి. అక్కడినుంచి నాలుగేండ్లకే నగరం చేరిన బిడ్డకు, పదేండ్లు వచ్చేసరికి తల్లి ఎదురుపడితే మాటలుండవు. కాగితాలలో పేరు మార్చి ఉంటే ఆమె వెతికినా దొరకడు. మనం తరాల తరబడి కాపాడుకొన్నది వాడికి ఆరేండ్లలో చేజారుతుంది. పరభాషల నడుమ కాపురాలు చేసిన మనకు ఈ నష్టం ఎంతటిదో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మన పెద్దలు కూడా బిడ్డలను పరుల ఇంట పెంచారు. తల్లి పోతే అమ్మమ్మ, తండ్రి పోతే మేనమామ, ఏమీ లేకపోతే పిన్ని. పెంచినచోట చీవాట్లూ ఉండేవి, పక్షపాతాలూ ఉండేవి. ఆ రోజులన్నీ బంగారమని మేము అనబోవడం లేదు. కాని నేను ఫలానా వారి బిడ్డనని ఆ పిల్లవాడికి తెలిసేది. 2018లో నేపాలువారు చేసుకొన్న బాలల చట్టం కూడా దాదాపు ఈ వరుసే చెబుతున్నది. ముందు బంధువులు, తరువాత పెంపుడు కుటుంబం, ఏదీ కుదరకపోతేనే సదనం.

ఇక సోదరి అడిగినవాటికి జవాబులు. తెచ్చి పెంచుకోవడం అనుకొన్నంతలో అయ్యే పని కాదు, రెండు దేశాల చట్టాలున్నాయి. చట్టం మాట అటుంచి, వాడికి తల్లి ఉన్నదో లేదో తెలియకుండా ఆ ఊహే చేయరాదు. దసరా ప్రయాణం కూడా ఇప్పుడు వద్దనే మా సలహా. పదిరోజులు ఉండి వస్తే ఎవరికి ఊరట? అమ్మాయికి. నీళ్ళతొట్టి వెనుకకు మళ్ళీ పోవలసినవాడు వాడు.

అట్లాగని చప్పున మాయమైపోనూ కూడదు. సదనంవారి అనుమతితో వాడికి నెలకొక ఉత్తరం వ్రాయవచ్చు. ప్రతి నెలా ఒకే తేదీన. రెండు మాటలు, ఒక బొమ్మ చాలు. మళ్ళీ వస్తానని వ్రాయవద్దు, బహుమతులు పంపవద్దు. పక్కమంచం పిల్లవాడికి రానిది వాడికి రావడం మంచిది కాదు. ఏండ్ల తరబడి సాగించగలనన్న నమ్మకం ఉంటేనే మొదలుపెట్టాలి. మూడు ఉత్తరాలతో ఆగిపోయేటట్లయితే మొదలుపెట్టకపోవడమే దయ.

చందాల సొమ్ము సంగతి. పంపేముందు సదనం పెద్దలను మర్యాదగా కొన్ని అడగాలి. ఈ పిల్లవాడి ఊరేది? తలిదండ్రుల పేర్లు రిజిస్టరులో ఉన్నాయా? చనిపోయారంటే ఎవరు చెప్పారు, ఎవరు విచారించారు? బంధువులెవరైనా చూడవస్తున్నారా, వస్తే రానిస్తున్నారా? రాత్రివేళ వీడిని చూచుకొనే ఆయా ఎన్నేండ్లుగా ఉన్నది, ఆమె జీతమెంత? ఆయా నిలకడగా ఉండడానికి జీతంగానో, తల్లి చూడవచ్చే బస్సు చార్జీగానో, ఊళ్ళోనే చదివించే ఫీజుగానో ఆ సొమ్ము పోతుందంటే సంతోషంగా పంపవచ్చు. కొత్త మేడకో, మరిన్ని మంచాలకో అంటే మేమైతే పంపము. మంచాలు వేస్తే వాటిని నింపడానికి పిల్లలను వెతుకుతారు. అడిగినందుకు కోపపడి జవాబే ఇవ్వకపోతే, ఆ చుట్టం చట్టంక్రింద ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిషత్తు ఉన్నది, దానికి వ్రాయాలి. అక్కడి బాలల సహాయ టెలిఫోను సంఖ్య 1098. మన దేశంలోనూ అదే సంఖ్య కావడం విశేషం.

సేవ చేయాలన్న అమ్మాయి ఉత్సాహం మిగిలే ఉంటుంది గదా. ఆ ఉత్సాహానికి ఊళ్ళోనే పని ఉన్నది. భర్త పోయిన తల్లి బిడ్డను ఏ సదనంలోనూ చేర్చకుండా తన దగ్గరే ఉంచుకొని పెంచుకొనేందుకు, మిషన్ వాత్సల్య పథకం 2022 నాటి నిబంధనల ప్రకారం బిడ్డకు నెలకు 4,000 రూపాయలు సహాయం ఉన్నది. తాతా అమ్మమ్మల దగ్గర పెరిగే బిడ్డలకు కూడా వర్తిస్తుంది. జిల్లా బాలల రక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టుకోవాలి. అది చాలామందికి తెలియదు. తెలిసినా మనవారిలో కూలినాలి చేసుకొనే కుటుంబాలకు ఆఫీసు భాష చదవడం రాదు. హోసూరులో అరవం, కోలారులో కన్నడం, బరంపురంలో ఒడియా. ఫారం నింపి, కావలసిన కాగితాలు కూర్చి, ఆ తల్లిని వెంటబెట్టుకొని ఆఫీసుకు నాలుగుసార్లు తిరగగల చదువుకొన్న పిల్ల ఒకతె కావలె. ఇందులో ఫోటోలు లేవు, చున్నీ పట్టుకొని నిద్రపోయే బిడ్డా ఉండడు. బిడ్డ తన తల్లి పక్కలోనే నిద్రపోతాడు.

అమ్మాయికి విడిగా కూడా ఉత్తరం వ్రాశాము. సదనంవారిని అడగవలసిన ప్రశ్నలను హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఒక కాగితంమీద వ్రాయించి జతచేశాము. ఇతర పాఠకులకు ఎవరికైనా ఆ కాగితం కావలసివస్తే, స్వంత చిరునామా వ్రాసి స్టాంపు అతికించిన కవరు కార్యాలయానికి పంపితే అందజేస్తాము.